హీరో వేసిన మెడల్

యాదన్నా,

ఇయ్యాల నా మొదటి హాఫ్ మారథాన్ ఉరికిన. నువ్వు నేర్పినట్టే జూబ్లీహిల్స్ ఎత్తుల మీద దమ్ము దాచుకున్న, ఎందరు దాటిపోయినా ఫికర్ చెయ్యలే. షేక్‌పేట వచ్చినంకనే స్పీడ్ పెంచిన. యాడా ఆగలే.

ఆఖరికి ఫిల్మ్ నగర్‌ల మెడల్స్ వెయ్యనీకి మీ హీరో వచ్చిండు. ఆయనకు డూప్‌గా బిల్డింగ్ మీదికెల్లి దుంకబోయే కదా నువ్వు పాణం ఇడిచింది.

"సార్, నేను ఫైటర్ యాదగిరి చెల్లెను" అన్న.

"యాదగిరా? ఎవరమ్మా?" అనుకుంటనే మెడల్ నా మెడల వేసి ఫొటోకు నవ్విండు.

మెడల్ తీసి ఆయన చేతులనే పెట్టి వచ్చేసిన.

ఇంట్ల అమ్మకు చెప్పలే. ఆయన సినిమా టీవీల వస్తే ఆమె ఇప్పటికీ కూసొని చూస్తది. దుంకే సీన్ల కనవడే వీపు నీదని ఆమెకు ఎరుక.

నీ చెల్లె