మారిపోయిన రౌడీ ఇంటి పెళ్లి

మంగళవారం రాత్రి

సీరియల్‌లో మాజీ రౌడీ ఇవాళ తల్లి కాళ్ల మీద పడి ఏడ్చాడు. థూ! వాడు చంపినవాళ్ల తల్లులు ఎక్కడున్నారో చూపించే తీరిక కెమెరాకు లేదు. మా చెల్లి మాత్రం కళ్లొత్తుకుంది. ఒకప్పుడు పోర్టు కూలీల సమ్మెలో దాని మొగుడి కాలు విరగ్గొట్టిన నిజం రౌడీ ఇప్పుడు గాజువాకలో పెద్దమనిషి. పొద్దున వాడి పెళ్లాం వచ్చి, కూతురి పెళ్లికి రమ్మని చెల్లికి బొట్టు పెట్టి పోయింది.

“బొట్టెట్టి పిలిసినాక ఎల్లకపోతే తప్పు కదన్నయ్యా? ఆడు మారిపోనాడు,” అంది.

“ఎవులు సెప్పినారే? టీవీవోడా?” అన్నాను.

బావ కర్ర ఆనించుకుని లేచాడు. “మారితే మంచిదే. ఇరిగిన కాలు నాది కదా, నా ఎదరకొచ్చి ఒక్క మాట సెప్పనేదేటి?”

చెల్లి టీవీ కట్టేసింది. రేపటి పెళ్లికి తీసిపెట్టుకున్న పట్టుచీర మాత్రం ఇంకా మంచం మీదే ఉంది.