ఓడలో పరస్థానం

ఆ సంచిని గది బయట పెట్టమన్నది నువ్వు నాయనా. పెట్టింది హేమలత. దానివల్ల చిన్నదానికి ఊపిరి ఆగినంత పనైంది. ఇంత జరిగినాక నింద మొత్తం హేమలత మీద పడుతుంటే నువ్వు పంచాంగం తిరగేస్తూ కూర్చున్నావు. "నేనే పెట్టమన్నా" అని ఒక్క మాట అనలేదు.

మేము క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలని నాకూ తెలుసు. ఆ ముక్క నేర్పించింది నువ్వే. మేము క్షేమంగా లేము కాబట్టి రాయడం లేదు. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు. అమ్మ ఎత్తి "మీ నాయన చేనికి పోయినాడప్పా" అంటుంది, వెనకాల నీ దగ్గు వినబడుతూనే ఉంటుంది. కాయితాన్ని కట్ చేయలేవు కదా, అందుకని రాస్తున్నాను. పదో తరగతి తప్పినవాడి రాత ఇది. మర్యాద తక్కువైతే తక్కువే. అమ్మకు సగమే తెలుసు, అదీ తప్పుడు సగం. కాబట్టి మొదటినుంచీ రాస్తాను, ఆమెకు చదివి వినిపించు.

నేను ఓడలో గదులు సర్దేవాణ్ణి. గదులు ఖాళీగా ఉన్నప్పుడు పనివాళ్ల కుటుంబాలను తక్కువ టికెట్టుతో ఎక్కనిస్తారు. అట్లా హేమలత, పెద్దోడు అజయ్, చిన్నది వినీత చెన్నైలో ఎక్కినారు. ఎక్కేటప్పుడు ఏ కష్టమూ లేదు. దిగే పొద్దు ఎట్లుంటుందో ప్రయాణికులకు తెలియదు, మాకు తెలుసు. అన్నాళ్లు రాజుల్లా తిరిగిన జనం ఆ పొద్దు సంతలో జీవాల్లా అయిపోతారు. మధ్యాహ్నానికి కొత్త జనం ఎక్కాలి కాబట్టి పాతవాళ్లు పొద్దున్నే గదులు వదలాలి. లిఫ్టుల దగ్గర తోపులాట, పిల్లలు ఒకచోట, వాళ్ల చెప్పులు ఒకచోట. మాకేమో నీళ్లు తాగే తీరిక కూడా ఉండదు. పెండ్లాంబిడ్డలు అదే ఓడలో ఉన్నా సరే, చెయ్యి పట్టుకొని దింపే వీలు లేదు. అందుకే ముందురోజు పొద్దున హేమలతను మంచం మీద కూర్చోబెట్టి, బడిపిల్లకు చెప్పినట్టు చెప్పినాను.

"సూట్‌కేసులకు ఈ రంగు చీటీలు కట్టి సందకాడ గది బయట పెట్టు. మావోళ్లు తీసుకుపోతారు, రేవులో దిగినాంక నీకు దొరుకుతాయి. తెల్లారి పిల్లోళ్లకు తొడిగే గుడ్డలు, చిన్నదాని ఆయాసం స్ప్రే, ఆధార్ కార్డులు, డబ్బులు మాత్రం ఈ నీలం సంచిలో పెట్టు. ఇది నీ భుజం దిగగూడదు."

"పండుకునేటప్పుడు గూడానా?"

"దిండు కింద పెట్టుకో."

"ఏందబ్బా, నాకన్నా ఈ సంచి మీదే నీకు ప్రేమ ఎక్కువుండాదే" అని నవ్వింది.

పిల్లలకు పెందలాడే తినిపించమన్నాను. లిఫ్టు కోసం నిలబడకుండా మెట్ల మీద దిగమన్నాను. మన చీటీ రంగు పిలిచేదాకా హాల్లో ఒక మూల కూర్చోమన్నాను, చిన్నది చంకలో, పెద్దోడు కొంగు పట్టుకొని. అజయ్ అన్నీ విని, "నాయనా, దోశ ఉంటాదా?" అని ఒక్కటే అడిగినాడు. ఉంటుందన్నాను. ఇంతకన్నా బాగా చెప్పడం నాకు రాదు.

సాయంత్రం తీరం దగ్గర పడి సిగ్నల్ రాగానే నువ్వు హేమలతకు ఫోన్ చేసినావు. నేను డ్యూటీలో ఉన్నాను. స్పీకర్ పెట్టి మాట్లాడినారు కాబట్టి అజయ్ అంతా విన్నాడు. వాడు చెప్పిందే రాస్తున్నాను, తప్పుంటే దిద్దు.

"అమ్మా హేమా, రేపు శుక్రవారం, పడమటికి శూల. మనూరు మీకు ఆ దిక్కే. చిన్నబిడ్డల్తో శూలకెదురు బయల్దేరొద్దు."

"ఓడ మనకోసం ఆగదు గదా మామా."

"ఆగే పన్లేదు. ఈ పొద్దే పరస్థానం పెట్టు. ఇప్పుడు మంచి గడియుండాది."

"ఈడ యాడ పెట్టల్ల మామా? ఎదురింటి రాములమ్మత్త అరుగు ఉండాదా ఏందీ ఈడ? సూట్‌కేసులు మాత్రం సందకాడ గది బయట పెట్టమన్నారు."

"చూస్తివా! ఓడోళ్లు గూడా పరస్థానం పెట్టుకుంటారు. నీళ్ల మీద తిరిగేటోళ్లు, వాళ్లకు తెల్దా!"

"అయితే సూట్‌కేసులతోనే సరిపోతాది గదా."

"సరిపోదు. ఒంటిమీద మోసుకుపోయేది పెడితేనే మనిషి కదిలినట్టు లెక్క. నీ భుజం సంచి పెట్టు, నాలుగు అక్షింతలేసి."

"దాంట్లో చిన్నదాని మందుండాది. భుజం దించొద్దన్న్యాడు ఆయన."

"వానికేం తెలుసు? గడప అవతలే గదా. పొద్దున తీసుకో. యాడికి పోతాది?"

యాడికి పోతుందో చెబుతాను విను. మన వీధిలో ప్రయాణం రోజు శూల పడితే, ముందురోజే మంచి గడియలో ఒక మూట రాములమ్మ అత్త అరుగు మీద పెడతాం. బయల్దేరేటప్పుడు ఎత్తుకుంటాం. ప్రయాణం ముందే మొదలైనట్టు లెక్క. తెల్లవార్లూ ఉన్నా దాన్ని ఎవరూ ముట్టరు, అది ఏమిటో వీధి మొత్తానికి తెలుసు. ఓడ మన వీధి కాదు నాయనా. తలుపు బయట ఏముంటే అది లగేజీ. మావాళ్లు బండి తోసుకుంటూ వచ్చి ఎత్తిపడేసుకొని పోతారు. చీటీ కట్టని సంచైతే, ఎవరిదో తెలియని సామాన్లన్నీ పడేసే గదిలోకి పోతుంది. హేమలతకు ఇది తెలియదు. తెలిసిన నన్ను నువ్వు అడగలేదు.

పొద్దున ఆమె తలుపు తీస్తే బయట నడవా ఖాళీగా ఉంది. తివాచీ మీద పసుపు బియ్యం గింజలు మాత్రం పడి ఉన్నాయంట. కనబడిన పనివాణ్ణి అడిగితే "హాల్లో కూర్చోండి, వెతికి తెస్తారు" అన్నాడు. పిల్లలు రాత్రి పడుకున్న గుడ్డలతోనే ఉన్నారు. హాల్లో ఏసీ చలి, అందరూ కొట్టుకున్న సెంటు వాసన. వినీతకు పిల్లికూతలు మొదలైనాయి. నంద్యాల డాక్టరు రాసిచ్చిన స్ప్రే ఒక్కసారి కొడితే ఆగిపోయేవి. స్ప్రే నీ మంచి గడియతో పాటు వెళ్లిపోయింది. ఓడ డాక్టరు వచ్చి ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో చెన్నైలో ఆసుపత్రికి పంపించినాడు. ఊరు తెలియదు, భాష తెలియదు. చీర కొంగున ఉన్న చిల్లరతో మూడేండ్లదాన్నీ ఆరేండ్లవాణ్ణీ పెట్టుకొని ఆమె అక్కడ ఉండింది. సంచి తర్వాత దొరికింది. ఆసుపత్రి వాళ్లు వదిలినాక బస్సులు మారి మారి ఆళ్లగడ్డ చేరింది.

చేరినాక మన ఇంట్లో ఏం జరిగింది? అమ్మ వీధిలో అందరి ముందరా అడిగింది.

"బిడ్డ మందు వాకిట పారేసి పండుకునే తల్లిని యాడన్నా చూసినారా?"

"పోనీలే పద్మక్కా, బిడ్డ దక్కింది గదా" అన్నది రాములమ్మ అత్త.

హేమలత నీ మొహం చూసింది. నువ్వు చెబుతావని చూసింది. నువ్వు ఏమన్నావో గుర్తుందా? "ఆడమనిషికి ఆమాత్రం గ్యానం ఉండొద్దా" అన్నావు. ఆమె పిల్లలను తీసుకొని నంద్యాల బస్సెక్కి గోస్పాడుకు, పుట్టింటికి వెళ్లిపోయింది.

ఇప్పటికీ ఆమె నా దగ్గర నీ పేరు ఎత్తలేదు. "నేనే పెట్టినా, నాదే తప్పు" అంటోంది. అజయ్ ఫోన్ లాక్కొని అడిగినాడు కాబట్టి తెలిసింది. "జేజినాయన పెట్టమన్న్యాడు గదా నాయనా, మళ్ల అమ్మను ఎందుకు తిడ్తాండారు?" వాడికి ఏం చెప్పాలో నువ్వే చెప్పు.

మా వంటగదిలో పనిచేసే నంద్యాల యాకోబు అన్న సెలవు నుంచి వస్తూ నువ్విచ్చిన కాయితం తెచ్చినాడు. అడిగినావు కాబట్టి జవాబు రాస్తాను.

చిన్నదానికి ఎట్లుంది అని అడిగినావు. ఊపిరి బాగుంది. ఎవరైనా మొహం దగ్గరికి చెయ్యి తెస్తే మాత్రం, మాస్కు పెడతారేమోనని అరుస్తోంది. అన్నం కలిపి నోటి దగ్గరికి తెచ్చినా అంతే. తన చేత్తో తనే తినాలంట.

నాకు తిండీ నిద్రా ఎట్లున్నాయని అడిగినావు. తిండి ఉంది.

"హేమలత ఎప్పుడొస్తానన్నది? మూఢం దాటనీ, మంచిరోజు చూసి నేనే పోయి పిల్చుకొస్తా" అని రాసినావు. రానంది నాయనా. "మూఢం దాటేది నెలాఖరుకు. సోమవారం అజయ్‌ను ఈడ బడిలో వేస్తాండా" అన్నది. ఇంటికి పొమ్మని బతిమాలితే ఒకటే మాట. "నువ్వు ఓడ దిగి వచ్చినాంక నీ ఇంటికి పో, వద్దన్లేదు. ఆ ఇంట్లో నేను అన్నం తినలేను. నేను తినే ప్రతి ముద్దా బిడ్డను చంపబోయినామె ముద్దే వాళ్లకు." వాళ్లమ్మ గోవిందమ్మ అత్త పక్కన నుంచి "ఉండనీ అల్లుడా, బిడ్డలు మాకేం బరువు కాదు" అంటోంది. వాడు గోస్పాడు బడిలో కూర్చున్నాడంటే ఇక ఆళ్లగడ్డకు రాడు. ఆమె మాట మీద నిలబడే మనిషి, నాకు తెలుసు. నేను వచ్చేసరికి నాకు రెండు ఇండ్లు ఉంటాయి, ఒక ఇంట్లో నువ్వూ అమ్మా, ఒక ఇంట్లో వాళ్లు. నేను ఏ గడప తొక్కాలి?

ఇంకొకటి ఉంది. రాయకుండా దాటేద్దామనుకున్నాను. హేమలతకూ చెప్పలేదు.

ఆ పొద్దు పిల్లికూతలు మొదలైన సంగతి నాకు అప్పుడే తెలిసింది. మా అందరి నడుముకూ వాకీటాకీ ఉంటుంది. "హాల్లో చిన్నపిల్ల, ఊపిరాడటం లేదు, డాక్టరు రావాలి" అని దాంట్లో చెప్పినారు. ఎవరి పిల్లో చెప్పలేదు. వినీతేనని నాకు తెలిసిపోయింది. సూపర్‌వైజర్ దగ్గరికి పరిగెత్తి నా బిడ్డ అన్నాను. "డాక్టరు పోయినాడు. నువ్వు డాక్టరువా? ఈ వరస గదులు ఎవరు చేస్తారు?" అన్నాడు. వాణ్ణి తోసుకొని పోవాల్సింది. పోలేదు. పోతే ఉద్యోగం పోతుంది, పోయినా బిడ్డ ఊపిరి నా చేతిలో లేదు అని నాకు నేనే చెప్పుకొని పరుపు మీద దుప్పటి పరిచినాను. మూలలు మడిచినాను. ఆ గదిలో అద్దాల కిటికీ ఉంది. కింద రేవు మీద అంబులెన్సు ఆగి ఉంది. హేమలత చిన్నదానితో ఎక్కింది. అజయ్ ఎక్కకుండా ఓడవైపు తిరిగి, తల పైకెత్తి నన్ను వెతుకుతున్నాడు. అన్ని కిటికీల్లో నాది ఏదో వాడికి ఎట్లా తెలుస్తుంది? నేను అద్దం మీద గుద్దినాను, పేరు పెట్టి అరిచినాను. ఆ అద్దం తెరుచుకునేది కాదు. ఎవరో వాణ్ణి చంకలకింద పట్టి ఎత్తి లోపల పెట్టినారు.

ఇది చదివి, నా మీద కోపం కూడా నీ మీద చూపిస్తున్నానని నువ్వు అనుకుంటావు. అనుకో. కానీ నాకు అద్దం అడ్డం ఉంది. నీకు ఏం అడ్డం ఉంది? నీ ఇల్లు, నీ వీధి, నీ పెండ్లాం, నీ కోడలు. నోరు తెరిస్తే చాలు. కోడలి ముందర మాట పడితే ఊర్లో నీ పంచాంగం ఎవరూ అడగరనా? ఇట్లా అయితే పంచాంగం చెప్పడం మానేయి.

నిన్ను బెదిరించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒప్పందం ముగిసేదాకా దిగలేను. డబ్బు పంపడం ఆపితే అమ్మ పస్తుంటుంది, అది నాకు చేతకాదు. మాట్లాడటం మానేద్దామంటే నువ్వే ముందు మానేసినావు.

కాబట్టి అడుగుతున్నాను. మూఢం ఉన్నా సరే, అమ్మను వెంటబెట్టుకొని గోస్పాడుకు పో. గోవిందమ్మ అత్త ముందర, అమ్మ ముందర, "సంచి పెట్టమన్నది నేను" అని చెప్పు. క్షమించమని అడగొద్దు, మామ నోట ఆ మాట వస్తే హేమలత లేచి లోపలికి పోతుంది. జరిగింది జరిగినట్టు చెప్పు, చాలు. వస్తానంటే పిలుచుకొని రా. రానంటే బలవంతం చేయకుండా, పిల్లలను చూసుకొని తిరిగి రా.

ఆదివారం పొద్దున మా ఓడ చెన్నై రేవుకు వస్తుంది, సిగ్నల్ ఉంటుంది. నువ్వు ఫోన్ చేయొద్దు, నీ మాట నేను నమ్మను. హేమలత చేత చేయించు. "మామ వచ్చి చెప్పినాడు" అని ఆమె నోటితో వినాలి నేను. ఆదివారం పొద్దున, కొత్త జనం ఓడ ఎక్కేలోపల.

ఇట్లు,
నీ పెద్దకొడుకు, అజయ్ వినీతల నాయన,
హరీష్