గుడియాత్తం ఎద్దులు

పూతలపట్టు,
సెప్టెంబరు 1944.

చిరంజీవి తమ్ముడు వెంకటమునికి అక్క దీవించి, ఎవరిచేతా రాయించకుండా తానే రాస్తున్న జాబు.

ఇందుమూలంగా బంధుమిత్రులకూ, ఇటలీ దేశంలో యుద్ధం చేస్తున్నవారికీ, దారిలో ఈ జాబు విప్పి చదివే దొరగారికీ తెలియజేయడమేమంటే: నేటినుంచి మా ఇంట్లో సంగటిలోకి పులగూరా, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడా అనే విషయం మీద సభలు జరగవు. మీ బావ ఒకటంటే, మా అత్త ఇంకొకటని, పిల్లలు రెండూ వద్దని, చివరికి సంగటి చల్లారి రాయైపోయే పద్ధతిని రద్దు చేశాను. నేను ఏది వండితే అదే. ధిక్కరించినవారికి ఉత్త మజ్జిగ.

ఈ శాసనం కింద అందరం కులాసా. మీ బావ మోకాలి నొప్పి తగ్గింది. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. నువ్వు కూడా ఒంటిమీద గాయం లేకుండా ఉన్నావని రాసింది చదివి అమ్మ ఆ పూట కడుపునిండా తిన్నది.

పోయిన జాబులో నువ్వు రెండు సంగతులు అడిగావు. మొదటిది పంకజాక్షి విషయం. మన దేవకమ్మత్త కూతురిని చేసుకుంటావా అని అడిగి ఏడాది దాటింది. పిల్ల మంచిదే, అయినా వచ్చాక ఇంకో రెండు మూడు సంబంధాలు చూసి తేల్చుకుందామని రాశావు. ఆ మాటకు వాళ్ళేమన్నారని ఇప్పుడు అడుగుతున్నావు. చివర్లో చెప్తాను. ఆగడం నీకు కొత్త కాదు కదా.

రెండోది మీ దొర విషయం. ఆయన దేనికీ ఎవరినీ అడగడనీ, అన్నీ తానే చిటికెలో తేల్చేస్తాడనీ, అయినా సాయంత్రమైతే మొహం మాడ్చుకుని కూర్చుంటాడనీ రాశావు. మీరు దిగిన ఇంటి ఇటలీ ముసలమ్మేమో ఇంట్లో ఉన్నది వండి, పాడుకుంటూ తిరుగుతుందన్నావు. ఒంటరిగా తేల్చుకునేవాళ్ళు సుఖపడతారా, మనలాగా పదిమందిని అడిగేవాళ్ళు సుఖపడతారా అని నీ ప్రశ్న. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని నన్ను అడిగావు, సంతోషం. మనకు పని చెడితే తిట్టుకోవడానికి పదిమంది ఉంటారు. ఆ దొరకు తానొక్కడే దిక్కు, అందుకే ఆ మొహం. కానీ తమ్ముడూ, తెల్లవాళ్ళైనా మనవాళ్ళైనా అసలు సుఖం లేనివాడు ఇంకొకడున్నాడు. చేతిలో ఉన్నది పట్టుకుని, దీనికన్నా మంచిది ఇంకెక్కడో ఉందని మెడ సాచేవాడు. అట్లాంటివాడు ఒకడు ఈ ఏడు నా చేతికి చిక్కాడు.

వరదయ్య. నువ్వప్పుడు చిన్నవాడివి, నీకు గుర్తుండదు. నన్ను చూసుకోవడానికి వచ్చి, మన ఇంట్లో బొబ్బట్లు తిని, "రొంత ఆలోచించి చెప్తాం" అని పోయాడు. నాయన ఆ మాట నమ్మి వచ్చిన వేరే సంబంధాన్ని వెనక్కి పంపాడు. పంటలు వచ్చాయి, పోయాయి. ఆ మహానుభావుడు కుప్పం దాకా పిల్లల్ని చూస్తూ తిరుగుతున్నాడని నూనె అమ్మేవాడు చెప్తే మనకు తెలిసింది. నాయన వరదయ్య ఊరి దోవన నడవడమే మానేశాడు. ఎవరైనా అడుగుతారని పొలాల మీద చుట్టూ తిరిగి పోయేవాడు. అది నేను మరిచిపోలేదు.

ఈ ఎండాకాలం పలమనేరు సంతకు ఎద్దుల కోసం పోయాం. ఒక జత మీ బావకు బాగా నచ్చింది. అప్పటికే దళారి మునస్వామి ధర ఎవరికీ వినపడకుండా తుండుగుడ్డ కింద ఇంకొకరి వేళ్ళు పట్టుకుని బేరం నడుపుతున్నాడు. చూస్తే వరదయ్య. జుట్టు నెరిసింది గానీ ఆ మెడ అదే. పళ్ళు చూశాడు, కొమ్ములు కొలిచాడు, ఒకదానికి వీపు మీద సుడి ఒక వేలెడు పక్కకు ఉందని గొణిగాడు. నన్ను గుర్తుపట్టలేదు. అంతమందిని చూసినవాడికి ఎవరని గుర్తుంటారు.

పక్కనే పెరుగు అమ్ముతున్న నాగులమ్మతో నేను గట్టిగా అన్నాను: "ఏం నాగులమ్మా, ఈటికే ఇంతమంది మూగినారే. గుడియాత్తంలో ఒక జత ఉండాది సూడు. పాలనురుగు మాదిరి ఒళ్ళు. ఒక్క సుడి తప్పు లేదు."

నాగులమ్మ గట్టిది. "అమ్ముతారంటనా అక్కా?"

"అమ్మక ఏం జేస్తారు. కొనేవానికి కండ్లుండల్ల."

వరదయ్య మెడ తిరిగింది. "ఏమ్మా, గుడియాత్తంలో యాడ?"

"ఊరికి తూరుపున చింతతోపు పక్కనప్పా. పేరు గ్యాపకం లేదు."

తుండుగుడ్డ కింద నుంచి చెయ్యి బయటికి వచ్చింది. మునస్వామి మండిపడ్డాడు. "ఏందయ్యా, ఖాయమైనాక చెయ్యి తీస్తివి?"

"యాడ ఖాయమైంది. రొంత ఆలోచించి చెప్తా."

అదే మాట, అదే గొంతు. ఆ చెయ్యి తీసిన చోట మీ బావ చెయ్యి దూరింది. ఎద్దులు మనవయ్యాయి. దోవలో ఆయన అడిగాడు: "గుడియాత్తం ఎప్పుడు పోయినావే నువ్వు?"

"పుట్టినాక పోలేదు."

వానలు పడేదాకా వరదయ్య గుడియాత్తం చింతతోపులన్నీ తిరిగాడు. దున్నే పదును వచ్చేసరికి అతని ఇంట్లో ఎద్దులు లేవు. దున్నడానికి బాడుగకు ఇమ్మని మా ఇంటికే వచ్చాడు. మజ్జిగ ఇచ్చి నేనెవరి కూతురినో చెప్పాను. తాగిన చెంబు కింద పెట్టాడు.

"ఎద్దులు ఇస్తారామ్మా?" అన్నాడు.

"రొంత ఆలోచించి చెప్తాంలే అప్పా," అన్నాను.

ఇవాళ రేపని తిప్పి, పదును ఆరిపోయాక, ఎద్దులకు తీరిక లేదని కబురు పంపాను. ఎవరివో ఎద్దులు దొరికి ఆలస్యంగా విత్తిన అతని చేలో ఇప్పుడు చెనిక్కాయ తీగకు ఆకే ఉంది, కాయ లేదు. పాపం అనిపించలేదా అని అడుగుతావు. పని ఆపుకుని మరీ ఆలోచించాను. అనిపించలేదు. గుడియాత్తం నుంచి ఎవరొచ్చినా ఆ తెల్ల ఎద్దులు అమ్ముడుపోయాయా అని ఇప్పటికీ అడుగుతాడట. వాటిని పుట్టించింది నేను, మేపుతున్నది అతను.

ఇక పంకజాక్షి. నీ జాబు ఆ పిల్లకు చదివి వినిపించాను. చింతపండులో గింజలు తీస్తూ విన్నది, తల ఎత్తలేదు. అంతా అయ్యాక, "వదినా, ఇటలీలో కూడా గుడియాత్తం ఉంటే సూసుకొని రమ్మని రాయి," అన్నది. ఆ గొంతు నాకు తెలుసు. నాయన పొలాల మీద తిరిగి పోయేప్పుడు నా గొంతు కూడా అట్లాగే ఉండేది.

తరువాత గూడూరు స్టేషన్‌లో పనిచేసే కృష్ణమూర్తి అనే అబ్బాయి వచ్చాడు. చూశాడు. కూర్చున్న చాప మీద నుంచి లేవకుండానే సరేనన్నాడు. తాంబూలాలు పుచ్చుకున్నారు. వచ్చే నెల పెండ్లి.

ఇక్కడికి వచ్చి నువ్వు ఆగి ఉంటావు. ఆగల్ల. నాయనకు పెట్టిన బాధను వరదయ్య నుంచి కొంత రాబట్టాను, పంకజాక్షికి పెట్టినదాన్ని నీ నుంచి ఇప్పుడు రాబట్టాను. అక్కను కాబట్టి ఒక్క పేరా సేపే. అయ్యో, పిల్ల చెయ్యి జారిందే అనిపిస్తే ఈ పూటే దేవకమ్మత్తకు నువ్వే రాయి, పంకజాక్షిని చేసుకుంటానని, ఇంకే పిల్లనూ చూడనని. పోనీలే అనిపిస్తే అదీ దాచకుండా రాయి. అప్పుడు నేను గూడూరు పోయి, స్టేషన్‌లో నిలబడి, ఒక కృష్ణమూర్తిని నిజంగా వెతుక్కోవాలి. ఎందుకంటే అట్లాంటివాడు ఎవడూ రాలేదు, మేము చాప వేయలేదు, తాంబూలం ఎవరూ పుచ్చుకోలేదు. ఆ పెండ్లికొడుకు మొత్తం నా కల్పన.

ఇట్లు,
నీ మేలు కోరే, నిన్ను ఇంకా క్షమించని
అక్క భారతమ్మ