ఫిర్యాదులో నా కూతురి పేరు కూడా చేర్చమని

జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారి గారి సముఖమునకు,
అనంతపురం వాస్తవ్యుడు, ప్రస్తుతం కొండాపూర్ నివాసి, సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు తిప్పేస్వామి సిగ్గుతో సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కొత్తగూడ దగ్గరి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో రెండో సంవత్సరం విద్యార్థి అజయ్‌పై నేను ఇచ్చిన ఫిర్యాదులో అదే కాలేజీలో చదువుచున్న నా కుమార్తె హర్షిణి పేరు చేర్చుట, మరియు అజయ్‌ను పరీక్షలకు అనుమతించుట గురించి.

పై విషయమై తమకు తెలియజేసుకొనునది:

1. సదరు కాలేజీవారు ఆ మధ్య మత్తు పదార్థాలపై తల్లిదండ్రులకు సమావేశం పెట్టినారు. పిల్లలను బెదిరించకండి, స్నేహంగా అడగండి, నిజం చెప్తే శిక్షించకండి అని వచ్చిన డాక్టరమ్మ చెప్పింది. నేను మరుసటి రోజే అమలు చేసినాను. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో అడిగితే పిల్ల కారు దిగి పోవడానికి ఉండదు కదా అని నా తెలివి. "ఏమున్నా చెప్పు తల్లీ, నేనేమీ అనను, ఎవరికీ చెప్పను" అని ఆమె తల మీద చెయ్యి పెట్టి మాట ఇచ్చినాను.

2. ఆమె చెప్పింది. గంజాయి కలిపిన చాక్లెట్లు ఒక సీనియర్ దగ్గర తానే కొన్నదట. అజయ్ వద్దంటున్నా బలవంతంగా సగం పెట్టిందట. తర్వాత ఇద్దరూ కలిసి ఇంకోసారి తిన్నారట. "భయమేస్తోంది నాన్నా" అని కూడా అన్నది. వెనకవాళ్లు హారన్లు కొడుతున్నారు, గేరు వేసినాను.

3. నా ఉద్యోగం గురించి ఇక్కడ చెప్పక తప్పదు. ఏదైనా సమస్య వస్తే అది ఎవరి వల్ల వచ్చిందో తేల్చి పైవారికి ఎస్కలేట్ చేయడం, అందులో మా టీము పేరు లేకుండా చూసుకోవడం, ఇదే నా పని. ఇందులో నాకు మంచి పేరుంది. ఆ రోజు కూడా అదే చేసినాను. "అజయ్ అను విద్యార్థి మత్తు పదార్థములు వాడుచున్నట్లు తెలియవచ్చినది, తగు చర్య తీసుకొనగలరు" అని ప్రిన్సిపాలు గారికి మెయిల్ పెట్టినాను. అందులో ఒక్క అబద్ధం లేదు. కావలసినంత నిజమే లేదు.

4. అజయ్‌ను పిలిచి అడిగితే ఒప్పుకున్నాడు. ఇంకెవరున్నారని అడిగితే "నేనొక్కన్నే సార్" అన్నాడట. టీసీ చేతికిచ్చి హాల్ టికెట్ ఆపేసినారు. పదిహేడేళ్ల పిల్లోడు నా కూతుర్ని కాపాడినాడు. నేను వాడిని అప్పజెప్పినాను. నాలాంటివాడిని ఏమనాలో సర్కారు భాషలో మాట లేదు, ఇంటి భాషలో చాలా ఉన్నాయి.

5. ఫిర్యాదుదారు పేరు రహస్యంగా ఉంచినారు గానీ, ప్రిన్సిపాలు గారు నన్ను మరిచిపోలేదు. తర్వాతి సమావేశంలో ఆదర్శ తండ్రి అని శాలువా కప్పి, పిల్లలతో మనసు విప్పి మాట్లాడటం ఎలా అనే అంశంపై ప్రసంగించమన్నారు. ప్రసంగించినాను, అయ్యా! చప్పట్లు కూడా కొట్టినారు. హర్షిణి మూడో వరసలో కూర్చొని తన బూట్లు చూసుకుంటూ ఉండింది. ఇంటికి వచ్చినాక "చెప్పమన్నావు, చెప్పాను. ఇంక చెప్పను" అని తలుపు వేసుకుంది. అప్పటి నుంచి ఏమడిగినా "ఏం లేదు నాన్నా" అనే ఒక్క మాటే.

6. అజయ్ తండ్రి కొమురయ్య ఐటీ కంపెనీలకు క్యాబ్ నడుపుతాడు. మెయిల్ పెట్టింది నేనని ఆయనకు తెలియదు. పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంటు గేటు దగ్గరికి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

"సార్, స్టేజి మీద మీరు మంచిగ మాట్లాడిన్రంట. మా పోరనితోని జర మాట్లాడుర్రి. నేను కొట్టిన, వాళ్లమ్మ ఏడ్చింది, వాడు నోరే తెరుస్తలేడు. ఎవరు చెప్పిన్రో గని పుణ్యాత్ములు సార్, లేకుంటే నాకు ఎర్కనే కాకపోవు. పరీక్ష రాయనిస్తే సాలు. కాలేజోళ్లకు మీరొక్క మాట చెప్పుర్రి."

"చూస్తాను" అన్నాను. లిఫ్టులో కెమెరా ఉందని తెలిసి కూడా ఏడ్చినాను.

7. కావున తమరు దయతో ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద రాసుకొని, ఇద్దరినీ డాక్టరు దగ్గరికి పంపి, ఇద్దరినీ పరీక్షలు రాయనివ్వవలెను. టీసీయే న్యాయమంటారా, ఇద్దరికీ ఇవ్వండి. "పాప పేరు యాల రాస్తావు? దాని బతుకు ఏం గావాల?" అని నా భార్య శ్రావణి మొత్తుకుంటోంది. అడగవలసిన మాటే. అజయ్ పేరు రాసేటప్పుడు నన్ను నేను ఆ మాట అడగలేదు.

పై సంగతులు చిత్తగించి, పిల్లలను క్షమించి, నన్ను మాత్రం క్షమించకుండా ఉండవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
తిప్పేస్వామి

తా.క.: ఇది చేత్తో రాస్తున్నాను, మన్నించండి. సంతకం పెట్టినాక తోచింది, ఈసారి కూడా హర్షిణిని అడగకుండానే రాసినానని. పోయి తలుపు కొట్టి కాగితం చేతికిచ్చినాను. నిలబడే చదివింది. నువ్వు వద్దంటే చించేస్తాను, అజయ్ కోసం ఇంకో దారి చూద్దాం అన్నాను.

"ఇచ్చెయ్ నాన్నా. వాళ్ల ఆఫీసుకి నేను కూడా వస్తా" అన్నది. తర్వాత కాగితం మడిచి నా చేతికిచ్చి, "నేను ఇంకా మానలేదు" అన్నది.

అయ్యా, నా చెయ్యి ఫోను మీదికి పోయింది. ఎవరికి చేయాలనో నాకే తెలియదు. ఫోను తీసి శ్రావణికి ఇచ్చేసి, నేల మీదనే కూర్చున్నాను. ముఖం కడుక్కొని వచ్చి మిగతాది చెప్తానన్నది హర్షిణి. కొళాయి కట్టేసిన చప్పుడైంది. ఇక రాయను.