వెనక సీటు బరువు

మంగళవారం రాత్రి

మా పెళ్లికన్నా పాతదైన ఆయన కారు, ఆయన పోయిన దగ్గర్నుంచి గచ్చిబౌలి దాటి ఔటర్ రింగ్ రోడ్డెక్కి వేగం ఎనభై అందుకుంటే చాలు, వణుకుతోంది. టైర్లు మార్పించినా తగ్గలేదు. ఇవాళ బాలానగర్‌లో మెకానిక్ యాదగిరి చూశాడు. ఒక్కడే నడిపితే వణికింది. షెడ్డులోని ఇద్దరిని వెనక కూర్చోబెట్టుకుని నడిపితే సాఫీగా పోయింది.

"వెనక కమాన్ పట్టీలు గట్టియి ఏసిన్రు మేడమ్. ఎవరన్న లావుగున్నోళ్లు కూసునేటోళ్లా?"

పక్షవాతం వచ్చాక ఆయన ఆ సీట్లోనే పడుకుని దవాఖానకు వచ్చేవారు. ఆ భారీ మనిషి బరువుకు కారు వెనక కుంగకుండా ఆ గట్టి స్ప్రింగు పట్టీలు వేయించాం. "డ్రైవరమ్మా, జర పైలం" అని ఏడిపించేవారు.

ఇప్పుడు బరువు లేక కారు వెనక భాగం పైకి లేచిందట. దాంతో ఇంజన్ నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్ట్ వాలు మారి, ఈ వణుకు వస్తోందట.

"సెట్ జేస్త. గని ఒకటి చెప్పున్రి, ఇగ వెనక ఎవరన్న కూసుంటరా, ఖాళీగనే ఉంటదా? దాన్నిబట్టే జెయ్యాలె."

రేపు చెప్తానని వచ్చేశాను. ఏమనుకున్నాడో.

ఖాళీగానే ఉంటుంది బాబూ.

ఇక్కడైతే రాయగలిగాను. పొద్దున నోటితో అనాలి.