డెవలపర్ సీసా మీద తారీఖు

జనవరి 1, 1979. జనగామ.

ఈ ఏటి నిర్ణయం: ఇకమీదట నా ఫొటోలు నేనే కడుక్కుంటాను! బజారులో స్టూడియోకి ఓ దండం. వాళ్ళ డెవలపర్, అదే ఫిల్ము కడిగే మందు, హోటల్ చాయ్ రంగులో ఉంటుంది. హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి, రసాయనాలు నాకొకరు నేర్పాలా?

నియమాలు:

బావినీళ్ళు వాడను, ఒకటే ఉప్పు. బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరే వాడాలి.

సీసా ఎప్పుడూ నిండుగా ఉండాలి. గాలి తగిలితే డెవలపర్ చెడుతుంది.

కలిపిన రెండు నెలలకు పారబోయాలి. ఒక్కరోజు కూడా ఆగేది లేదు!

పొడి కలిపాను. సీసాకి చీటీ అంటించి, పారబోయాల్సిన తారీఖు వేశాను: 1-3-79.

జనవరి 7

మొదటి రీలు! బాత్‌రూం కిటికీకి గొంగడి కట్టి కడిగాను. పన్నెండుకు పన్నెండూ వచ్చాయి. మా బర్రె కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. మా ఆవిడ రుక్మిణి చూసి, "నాకంటె బర్రెనే మంచిగ వచ్చింది" అంది. గిట్టనితనం!

జనవరి 22

డిస్టిల్డ్ వాటర్ డబ్బాని ఎవరూ ముట్టొద్దని, స్నానం చేయకుండా దగ్గరికి కూడా రావద్దని ఇంట్లో గట్టిగా చెప్పి ఉన్నాను. ఇవాళ చూస్తే నన్ను కన్న అవ్వ చిలుకమ్మ, పక్కింటి భిక్షపతి దోసిట్లో ఆ నీళ్ళు చెంచాతో పోస్తోంది. ఆయన కళ్ళకద్దుకుని తాగాడు!

"అవ్వా, గవి తీర్థం కాదే!"

"మరి గంత మడి ఎందుకు పెట్టినవు బిడ్డా? ఆయనకు కడుపునొప్పి సుత తగ్గింది."

వాడకట్టంతా తాగిందట. తగ్గినప్పుడల్లా అవ్వే బావినీళ్ళు తోడి డబ్బా నింపిందట. పోనీలే. డెవలపర్ అంతకుముందే కలిపాను కదా.

మార్చి 1

పారబోసే రోజు. సీసా ఎత్తి వెలుతుర్లో చూశాను. కొంచెం చాయ్ రంగు వచ్చిన మాట నిజమే. అయినా ఇంకా సగం సీసా ఉంది, పారబోయబుద్ధి కాలేదు. ఈ తారీఖులన్నీ పొడి అమ్ముకునేవాళ్ళు పెట్టేవే! మూడుని ఎనిమిది చేయడం ఎంత సులువో. రెండు గీతలు, అంతే. 1-8-79.

ఏప్రిల్ 12

రెండో నియమం గుర్తొచ్చింది. సీసా సగమే ఉంది, పైనంతా గాలి! డబ్బాలో నీళ్ళు, అవే, అవ్వ నింపినవి, పోసి మూతిదాకా నింపాను. నియమమంటే నియమం.

మే 21

కురవి నుంచి యాకమ్మ పెద్దమ్మ వచ్చింది, దవాఖానలో కళ్ళు చూపించుకోవడానికి. అవ్వకు తోడబుట్టిన అక్క. వాళ్ళ తల్లి వెండి కడియాలు పెద్దమ్మే ఉంచుకుందని అవ్వ ఇన్నేళ్ళూ మాట్లాడలేదు. ఇవాళ వాకిట్లో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. తర్వాత అవ్వ నా దగ్గరికొచ్చింది.

"మా ఇద్దర్ని గల్పి ఒక్క ఫోటువ తియ్యి బిడ్డా. ఇప్పటిదాంక ఒక్కటి లేదు."

పెద్దమ్మ తన చేతి కడియాల్లో ఒకటి తీసి అవ్వకు తొడిగింది. ఇద్దరూ మంచం మీద చేతులు ముందుకు పెట్టి కూర్చున్నారు. రీలంతా వాళ్ళనే తీశాను. నాకూ కళ్ళు చెమర్చాయి.

బస్సెక్కేముందు పెద్దమ్మ "ఇగ తే" అని కడియం వెనక్కి తీసుకుంది! అవ్వ ఏమీ అనుకోలేదు. "పోనీ తీయి, ఫోటువల నా చేతికే ఉంటది" అంది.

మే 22

రుక్మిణి ఉదయం నుంచీ ఒకటే పోరు. "ఈ ఒక్క రీలు స్టూడియోల ఇయ్యరాదా?"

"తారీఖు చూడు, ఆగస్టు దాకా ఉంది" అని చీటీ చూపించాను. చూపిస్తూ నేనూ నమ్మాను.

పది గంటలు. బాత్‌రూంలోకి వెళ్ళాను.

పదిన్నర. ఫిల్ము అద్దంలా తెల్లగా ఉంది. ఒక్క బొమ్మ లేదు. అంచున కంపెనీవాళ్ళు వేసే అంకెలు కూడా తేలలేదు. అంటే తప్పు కెమెరాది కాదు, డెవలపర్‌ది.

తప్పు ఎండలది. బావిది. భిక్షపతి కడుపునొప్పిది!

తలుపు గడియ పెట్టుకుని ఏడ్చాను.

మే 24

అవ్వ పూటపూటకూ అడుగుతోంది. ఫిల్ము ఇంకా ఆరలేదని చెబుతున్నాను. ఈ ఎండల్లో! చివరికి రుక్మిణి విసిగిపోయి, సీసా తెచ్చి అవ్వ ముందు పెట్టి అంతా చెప్పేసింది. అవ్వకు చదువు రాదు గానీ అంకెలు తెలుసు. దిద్దిన ఎనిమిది మీద వేలుపెట్టి చాలాసేపు చూసింది. తర్వాత తన బోసి చెయ్యి చూసుకుంది.

"నీ మందుకు తారీఖు దిద్దుకుంటివి, సోమనర్సయ్యా. మా అక్క పోయే తారీఖు ఎట్ల దిద్దుతవు?"

సీసా తీసుకెళ్ళి పారబోశాను.

జూన్ 3

పెద్దమ్మకు కబురు పంపాం. వచ్చే ఆదివారం అవ్వను తీసుకుని నేనే కురవి వెళ్ళి ఫొటో తీస్తాను. "రమ్మనుండ్రి. కడియం సంగతి అప్పుడు జూస్త" అందట.

కొత్త పొడి! కొత్త డిస్టిల్డ్ వాటర్! డబ్బాకు తాళం! రెండు నెలలంటే రెండు నెలలే, ఈసారి నన్ను నేనే నమ్మను. అందుకే తారీఖు అంకెల్లో కాదు, అక్షరాల్లో వేశాను: ఆగస్టు మూడు.

పెన్నులో ఇంకు అయిపోయింది. ప్రస్తుతానికి పెన్సిలుతో రాశాను.