లిఖిత వేలు చూపించింది

ఆదివారం, మే నెల. కల్లూరు.

మా లిఖిత ఈ రోజు వేలు చూపించింది! రెండున్నరేళ్లలో మొదటిసారి.

ఇన్నాళ్లూ ఏం కావాలన్నా నా చెయ్యి లాక్కెళ్లి ఆ వస్తువు మీద పెట్టేది. పిలిస్తే తిరిగి చూసేది కాదు. ఆటిజమేమోనని నాకే ముందు అనుమానం వచ్చింది. డాక్టరమ్మ పరీక్షలు చేయించమంది. ఈలోగా పాప అడగకముందే ఏదీ చేతికివ్వొద్దంది. అత్తకు నచ్చలేదు. "మావోడికీ మాటలు లేటుగానే వచ్చినాయి. బిడ్డనెందుకు ఏడిపిస్తాండావు? ఈ మాట బయట యాడా అనాకు."

ఆ అత్తే పొద్దున మామిడి ముక్క ఇవ్వకుండా, కళ్లనీళ్లు పెట్టుకుని కూర్చుంది. లిఖిత ఆమె చెయ్యి లాగింది, అరిచింది. చివరికి తన బుల్లి వేలిని మామిడి ముక్క వైపు చాచి అత్త ముఖంలోకి చూసింది.

పేరు పెట్టి పిలిస్తే ఇంకా పలకడం లేదు. వచ్చే వారం పరీక్షల్లో ఏం చెబుతారో...

అత్త మాత్రం రసం కారే చేత్తోనే వీధిలోకి పరుగెత్తింది. లోపలికి వినిపించింది: "మా పాపకు ఆటిజం ఉండాదేమో అంట. ఉంటే ఉండనీ, ఈపొద్దు అడిగి తినింది!"